పొగాకు ఊళ్లో హైస్కూల్ పిల్లలకు అర్థశాస్త్రం ఎలా చెప్పాలి? సలహాలు కావాలి

కొండపి సోషల్ మాస్టర్:

అందరికీ నమస్కారం. కొండపి దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో తొమ్మిది, పది తరగతులకు సోషల్ చెబుతున్నాను. చరిత్ర చెప్పేటప్పుడు పిల్లలు బాగానే వింటారు, మ్యాపులంటే ఎగబడతారు. అర్థశాస్త్రం పాఠం తీశానంటే మాత్రం తరగతి మొత్తం చల్లబడిపోతుంది. ద్రవ్యోల్బణం అంటే ఏమిట్రా అని అడిగితే గైడులో ఉన్న నిర్వచనం పొల్లుపోకుండా అప్పజెబుతారు. మరి నిరుడు మీ అమ్మ కొన్న నూనె ప్యాకెట్‌కీ ఈ ఏడు కొన్న ప్యాకెట్‌కీ తేడా ఎందుకొచ్చింది అంటే ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటారు.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఏంటంటే, మా పిల్లల్లో సగం మంది ఇళ్లలో పొగాకు వేస్తారు, మిగతా సగం ఆ పొలాల్లోకే కూలికి వెళ్తారు. ఆకు కొట్టడం, కర్రలకు అల్లడం, బ్యారన్ (ఆకు కాల్చే కొట్టు) దగ్గర రాత్రి మంట చూసుకోవడం అన్నీ తెలిసినవాళ్లు. ఏ గ్రేడు ఎంత పలికిందో సాయంత్రానికి ఊరంతా తెలిసిపోతుంది, వీళ్లకీ తెలుస్తుంది. అదే పిల్లాడు పరీక్ష పేపర్లో "మార్కెట్ అనగానేమి" అన్న ప్రశ్న వదిలేసి వస్తున్నాడు.

ఇప్పుడున్న పుస్తకాల్లో తొమ్మిదికి పాలంపూర్ గ్రామ కథ, ప్రజలే వనరులు, పేదరికం, ఆహార భద్రత ఉన్నాయి. పదికి అభివృద్ధి, ఆర్థిక వ్యవస్థలోని రంగాలు, ద్రవ్యం-పరపతి (అంటే అప్పు), ప్రపంచీకరణ, వినియోగదారుల హక్కులు. పాఠాలు చెడ్డవి కావు, కానీ పాలంపూర్‌లో గోధుమా చెరకూ పండుతాయి, మావాళ్లు ఆ పొలం ఎప్పుడూ చూడలేదు. మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల సంగతులతో ఈ పాఠాలు చెప్పినవాళ్లు ఎవరైనా ఉంటే ఏం చెప్పారో, ఎలా చెప్పారో కాస్త వివరంగా రాయండి. "ఉదాహరణలు ఇవ్వండి, ఆసక్తి కలిగించండి" లాంటివి ట్రైనింగుల్లో చాలా విన్నాను, అవి వద్దు. రేపు తరగతిలోకి తీసుకుపోగలిగినవి చెప్పండి.

కావలి ఎకనామిక్స్:

మాస్టారూ, నేను ఇంటర్ సీఈసీ పిల్లలకు ఎకనామిక్స్ చెబుతాను. మీ దగ్గర పదో తరగతి పాసైన పిల్లలే మా దగ్గరికి వస్తారు కాబట్టి, వాళ్లు ఎక్కడ తడబడతారో నాకు బాగా తెలుసు. అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నా.

మీ ఊళ్లోనే అంత పెద్ద పాఠం పెట్టుకుని పాలంపూర్ కోసం ఎందుకు బాధపడతారు. పొగాకు బోర్డు వేలం కేంద్రం కన్నా మంచి మార్కెట్ పాఠం దేశంలో ఇంకెక్కడ దొరుకుతుంది? బోర్డు 1976లో మొదలైంది, గుంటూరు ప్రధాన కార్యాలయం. మన రాష్ట్రంలో వేలాలు 1985 నుంచి జరుగుతున్నాయి. అంతకుముందు వ్యాపారి ఇంటికొచ్చి చెప్పిందే ధర. ఈ రెండు పద్ధతులూ చూసిన తాతలు ఊళ్లో ఇంకా ఉంటారు. ఒకాయన్ని తరగతికి పిలిచి అప్పట్లో ఎలా అమ్మేవాళ్లో, డబ్బులు చేతికి ఎప్పుడొచ్చేవో చెప్పించండి. కొనేవాడు ఒక్కడే ఉంటే ఏమవుతుంది, పదిమంది ఒకే బేలు (పొగాకు కట్ట) చుట్టూ నిలబడితే ఏమవుతుంది అన్నది అక్కడే అర్థమైపోతుంది.

తర్వాత 2024, 2025 సీజన్లు పక్కపక్కన పెట్టండి. 2024లో మేలు రకం కిలో మూడు వందలు దాటింది. ఎందుకు? బ్రెజిల్‌లో వానలు ఎక్కువై, జింబాబ్వేలో కరువొచ్చి పంట తగ్గింది, ఇక్కడ 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను మన తోటల్ని దెబ్బతీసింది. సరుకు తక్కువ, కావలసినవాళ్లు ఎక్కువ. ఆ ధర చూసి ఏమైంది? మరుసటి ఏడు అందరూ పొగాకే వేశారు, కౌళ్లు పెరిగాయి. అటు జింబాబ్వేలోనూ పంట విరగపండింది. 2025లో లోగ్రేడ్ బేళ్లకు నో బిడ్ (ఎవరూ పాడకపోవడం) పడి రైతులు వెనక్కి తెచ్చుకున్నారు. నిరుటి ధర చూసి ఈ ఏడు పంట నిర్ణయించుకుంటే ఏం జరుగుతుందో మా డిగ్రీ పుస్తకాల్లో పెద్ద పేరుతో ఒక సిద్ధాంతం ఉంది. మీ పిల్లలకు ఆ పేరు అక్కర్లేదు, సంగతి వాళ్ల ఇంట్లోనే జరిగింది. ఇంకోటి, బర్లీ పొగాకుకు బోర్డు వేలం లేదు, కంపెనీలే నేరుగా కొంటాయి. 2025లో కంపెనీలు వెనకడుగు వేసేసరికి బర్లీ రైతు రోడ్డెక్కాడు, చివరికి ప్రభుత్వం తన సహకార మార్కెటింగ్ సంస్థ మార్క్‌ఫెడ్ ద్వారా కొనాల్సొచ్చింది. వేలం ఉన్న పంట, వేలం లేని పంట, పక్కపక్క పొలాలు, ఒకే ఏడు. ఇంతకన్నా మంచి పోలిక మీకు ఏ పుస్తకంలోనూ దొరకదు.

ఇక పిల్లలు తడబడే చోటు. "ధర పెరిగితే డిమాండ్ తగ్గును" అని బట్టీ పట్టి వస్తారు. నేను మొదటి వారమే అడుగుతా: వేసవిలో పొదలకూరు మార్కెట్లో నిమ్మకాయ ధర ఆకాశంలో ఉంటుంది, అయినా అప్పుడే ఎక్కువ అమ్ముడుపోతుంది, మరి మీ సూత్రం ఏమైంది? ఒక్కరు నోరు విప్పరు. అసలు సంగతి ఏంటంటే, మిగతావన్నీ మారకుండా ధర ఒక్కటే పెరిగితే జనం కొనే పరిమాణం తగ్గుతుంది. ఎండలు ముదిరితే అదే ధరకు కూడా ముందుకన్నా ఎక్కువమంది నిమ్మకాయలు కావాలంటారు, అది డిమాండే పెరగడం. మొదటిది డిమాండ్ రేఖ మీద కదలిక, రెండోది రేఖే పక్కకు జరగడం. ఈ ఒక్క తేడా పదో తరగతిలో, రేఖలు గీయకపోయినా సరే, నోటిమాటగా తెలిసి వస్తే ఇంటర్‌లో మా పని సగం తగ్గుతుంది. అలాగే నిమ్మకాయ నాలుగు రోజులు ఆగదు, పొగాకు బేలు ఆగుతుంది, కాబట్టి బేరమాడే బలం ఎవరికి ఎక్కువ అని అడగండి. గంటసేపు వాదించుకుంటారు, మీరు ఊరికే వింటూ కూర్చోవచ్చు.

ద్రవ్యోల్బణం దగ్గర రెండు పొరపాట్లు దిద్దండి చాలు. టమాటా ఒక్కటీ పెరిగితే అది ద్రవ్యోల్బణం కాదు, మొత్తంమీద అన్ని ధరలూ పెరుగుతూ పోవడం ద్రవ్యోల్బణం. రెండోది, పేపర్లో "ద్రవ్యోల్బణం తగ్గింది" అని రాస్తే ధరలు తగ్గాయని కాదు, పెరిగే వేగం తగ్గిందని. రిజర్వు బ్యాంకుకు కేంద్రం పెట్టిన లక్ష్యమే 4 శాతం, అటూ ఇటూ 2 శాతం సడలింపు. అంటే ధరలు మెల్లగా పెరగడం వాళ్లూ వద్దనుకోవడం లేదు. ఇది చెప్తే పిల్లలు ఆశ్చర్యపోతారు, ఆశ్చర్యపోయింది గుర్తుంటుంది.

ఇందుకూరుపేట టీచరమ్మ:

నమస్తే సార్. నేనూ సోషలే, మాది చెరువుల ప్రాంతం. కావలి సార్ చెప్పిందంతా బాగుంది, నేను ప్రపంచీకరణ పాఠం ఎలా చెబుతానో రాస్తాను, తర్వాత ఒక జాగ్రత్త చెప్పాలి.

పుస్తకంలో బహుళజాతి కంపెనీలు, కార్ల తయారీ అని ఉంటుంది. నేను బోర్డు మీద ఒక రొయ్య బొమ్మ వేస్తాను. ఇది ఏ రొయ్య అంటే వెంటనే వనామీ అంటారు. ఇది మన సముద్రంలోది కాదురా, పసిఫిక్ తీరంలో లాటిన్ అమెరికా వైపుది, 2009 నుంచి మన దేశంలో పెంచడానికి అనుమతిచ్చారు అంటే నమ్మరు. తల్లి రొయ్యలు విమానంలో వస్తాయి, చెన్నైలో క్వారంటైన్‌లో ఉంచి పరీక్ష చేసి హేచరీలకు (రొయ్య పిల్లల్ని పుట్టించే కేంద్రాలకు) ఇస్తారు, హేచరీ పిల్ల మన చెరువుకొస్తుంది, మేతలో సోయా ఉంటుంది, పట్టుబడి అయ్యాక ప్రాసెసింగ్ ప్లాంటుకు పోతుంది, అక్కడ మన ఆడవాళ్లు తలలు తీసి ఐసులో సర్దుతారు, చివరికి అమెరికాలో ఎవరో తింటారు. ఈ గొలుసు మొత్తం బోర్డు మీద బాణం గుర్తులతో వేయిస్తాను. ఒక్కో బాణం దగ్గర ఎవరికి ఎంత మిగులుతుందో, నష్టం వస్తే ఎవరి మీద పడుతుందో పిల్లలే చెప్పాలి. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు ఆ బాణాలన్నీ వెనక్కి తిరిగాయి. అక్కడ సంతకం పడితే ఇక్కడ చెరువు గట్టు మీద వారంలో ధర పడిపోయింది. పాఠం ఇంకేం చెప్పాలి?

కౌంట్ లెక్క కూడా వాడుకోండి, మీ దగ్గర చెరువులు లేకపోయినా టంగుటూరు, సింగరాయకొండ వైపు పిల్లలకు తెలుసు. కిలోకు వంద తూగితే వంద కౌంట్, ముప్పై తూగితే ముప్పై కౌంట్. కౌంట్ తగ్గేకొద్దీ ధర ఎక్కువ. మరి అందరూ ముప్పై కౌంట్ దాకా ఎందుకు ఆగరు? ఆగితే మేత ఖర్చు, కరెంటు ఖర్చు, వైరస్ భయం. తెల్లమచ్చ వచ్చిందంటే రాత్రికి రాత్రే ఉన్నకాడికి పట్టేస్తారు. "ఇంకో పది రోజులు ఆగాలా, ఇవాళే పట్టాలా" అని తరగతిని రెండు జట్లు చేసి అడిగితే రిస్కు అనే మాట నేను నేర్పక్కర్లేదు.

ఇప్పుడు జాగ్రత్త. పరపతి పాఠం చెప్పేటప్పుడు "మీ ఇంట్లో అప్పు ఎంత ఉంది, ఎవరి దగ్గర తెచ్చారు" అని పిల్లల్ని తరగతిలో లేపి అడగొద్దు సార్, దయచేసి. ప్రాజెక్టు పని పేరుతో ఇలా అడిగించడం నేను చూశాను. ఒక పాప తలొంచుకుని నిలబడిపోయింది, ఆ అప్పిచ్చినాయన మనవడు అదే బెంచీలో ఉన్నాడు. పల్లెటూళ్లో ఎవరి పరువు వాళ్లకు ప్రాణం. పిల్లలు ఇంట్లో చెప్పకుండా వచ్చి ఇక్కడ చెప్పారని తెలిస్తే దెబ్బలు కూడా తింటారు. ఊహించిన ఒక కుటుంబాన్ని తీసుకోండి, పేరు పిల్లలే పెట్టనివ్వండి, ఎకరాలు వాళ్లే నిర్ణయించనివ్వండి. వాళ్లు తమ ఇంటి లెక్కలే ఆ కుటుంబం మీద పెట్టి చెప్పేస్తారు, ఎవరి పరువూ పోదు.

స్వయం సహాయక సంఘాల గురించి చెప్పేటప్పుడు దూబగుంట వదిలేయకండి. కలిగిరి మండలం, అంటే మీకు అంత దూరమేం కాదు. 1992లో అక్కడి ఆడవాళ్లు రాత్రి బడుల్లో చదువుకుంటూ సారా దుకాణం మూయించారు. అది జిల్లా అంతా, తర్వాత రాష్ట్రమంతా పాకింది, 1993 అక్టోబరు 1 నుంచి ప్రభుత్వం సారా నిషేధించింది. సారాకు పోయే డబ్బు ఇంట్లో మిగిలితే ఏం చేయాలి అన్న దగ్గర్నుంచే రోజుకు రూపాయి దాచుకునే పొదుపు సంఘాలు మన నెల్లూరు జిల్లాలో ఊపందుకున్నాయి. పొదుపు లక్ష్మి అంటే ఇప్పటికీ అమ్మమ్మలకు తెలుసు. దీన్ని చరిత్రలా కాకుండా లెక్కలా చెప్పండి. సారా వేలం పాటల మీద ప్రభుత్వానికి ఆదాయం, అదే సారా వల్ల ఇంటికి నష్టం. రెండూ ఒకే డబ్బు. అభివృద్ధి అనేది ఎవరి వైపు నుంచి చూస్తే ఏమవుతుంది అన్నది పదో తరగతి మొదటి పాఠంలో అడిగే ప్రశ్నే కదా.

ఒంగోలు బ్యాంకు:

బ్యాంకులో పనిచేస్తాను, పంట రుణాలు చూస్తాను. టీచర్ని కాదు కానీ ఈ విషయంలో రెండు ముక్కలు చెప్పాలనిపించింది, ఎందుకంటే ఇంజినీరింగ్ చదివిన పిల్లలు కూడా నాన్నతో పాటు వచ్చి ఈ లెక్క దగ్గరే ఆగిపోతున్నారు.

ఊళ్లో వడ్డీ నెలకు నూటికి ఇన్ని రూపాయలని చెబుతారు. బ్యాంకులో ఏడాదికి ఇంత శాతమని రాస్తారు. "రెండు రూపాయల వడ్డీ" వినడానికి చిన్నగా ఉంటుంది, "ఏడు శాతం" పెద్దగా వినిపిస్తుంది. రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం అని తొమ్మిదో తరగతి పిల్లాడితో బోర్డు మీద వేయించండి. మూడు రూపాయలంటే 36. పావలా వడ్డీ అంటే 3 శాతం. యాభై వేలు తీసుకుంటే రెండు రూపాయల లెక్కన ఏడాదికి పన్నెండు వేలు వడ్డీ. అదే పంట రుణం 7 శాతం, మూడు లక్షల లోపు తీసుకుని గడువులోగా కట్టేస్తే కేంద్రం ఇంకో 3 శాతం రాయితీ ఇస్తుంది కాబట్టి 4 శాతమే పడుతుంది, అంటే రెండు వేలు. తేడా పదివేలు.

ఇక్కడితో ఆపేస్తే "మరి అందరూ బ్యాంకుకే వెళ్లొచ్చుగా" అని పిల్లలు అనుకుంటారు. అది పెద్దవాళ్లు తెలివితక్కువవాళ్లు అన్నట్టు అవుతుంది, అలా అనుకోనివ్వకండి. కౌలు రైతు పేరు మీద భూమి లేదు. 2019 చట్టం ప్రకారం సాగుదారు హక్కు పత్రం తెచ్చుకోవచ్చు, దానికి యజమాని ఒప్పుకోవాలి. చాలామంది యజమానులు భూమి ఎక్కడ చేయిదాటిపోతుందో అని ఒప్పుకోరు. హామీ లేదు, కాగితం లేదు, రాత్రి పదింటికి ఆస్పత్రి ఖర్చు వస్తే బ్యాంకు తెరిచి ఉండదు. అప్పుడు రెండు రూపాయలకు ఇచ్చే పక్కింటాయనే దిక్కు. మీ పదో తరగతి పుస్తకంలో వేరుశనగ వేసి అప్పులో కూరుకుపోయిన స్వప్న కథ ఉంది కదా, ఆమెకు ఈ ప్రశ్నలన్నీ వేయించండి. ఎవరి దగ్గర తెచ్చింది, ఎందుకు అక్కడే తెచ్చింది, ఏ పత్రం ఉంటే బ్యాంకుకు వచ్చేది.

చీటీ కూడా చెప్పండి, ప్రతి వీధిలో ఉన్నదే. ఇరవై మంది, నెలకు ఐదు వేలు, లక్ష రూపాయల చీటీ. మూడో నెలలో ఒకాయన 28 వేలు తగ్గించి పాడుకుని 72 వేలు తీసుకున్నాడు. ఆ 28 వేలు ఇరవై మందికీ పంచితే తలా 1,400, అందుకే ఆ నెల ఒక్కొక్కరు 3,600 కట్టారు. లక్ష వచ్చేచోట 72 వేలకే ఎందుకు ఒప్పుకున్నాడు అని అడగండి. ఇవాళ చేతిలో ఉన్న డబ్బుకూ పదిహేడు నెలల తర్వాత వచ్చే డబ్బుకూ తేడా ఏంటో దీనితో చెప్పినంత తేలిగ్గా ఇంకేదానితోనూ చెప్పలేం. రిజిస్టర్ కాని చీటీ ఎగ్గొడితే ఎవరిని అడగాలి అన్న దగ్గర వినియోగదారుల హక్కుల పాఠం ఎత్తుకోవచ్చు.

కనిగిరి టెన్త్ సోషల్:

అందరూ మంచి మాటలే చెప్పారు, కానీ ఒక్కటి అడుగుతా. సిలబస్ ఎవరు పూర్తి చేస్తారు? డిసెంబరు నుంచి స్పెషల్ క్లాసులు, స్లిప్ టెస్టులు, వారం వారం మార్కులు పై ఆఫీసుకు పంపాలి. తాతను పిలిచి మాట్లాడించి, రొయ్య బొమ్మ వేసి, చీటీ పాట పాడిస్తే రెండు పీరియడ్లు అయిపోతాయి. పేపర్లో నిర్వచనం రాయకపోతే మార్కు వేయరు. సి గ్రేడ్ పిల్లలకు నేను ముఖ్యమైన ప్రశ్నలు ఇచ్చి చదివిస్తాను, పాసవుతారు. పాసవకపోతే ఆడపిల్లకు పెళ్లి చేసేస్తారు మా వైపు. నాకు అదే పెద్ద టెన్షన్. మీరు చెప్పేవి తప్పని కాదు, పాసు మార్కులు ముందు అంటున్నా.

కావలి ఎకనామిక్స్:

కనిగిరి మేడం, మీ బాధ నిజం, మా దగ్గరా అంతే. కానీ ఇప్పుడు పేపర్లో పట్టిక ఇచ్చి విశ్లేషించమనడం, నీ అభిప్రాయం రాయమనడం ఉంటోంది. గైడు చదివిన పిల్లాడు అక్కడే ఖాళీ వదిలేస్తాడు. నేను చెప్పేది రెండు పీరియడ్లు అదనంగా తీసుకోమని కాదు. పాఠం మొదలుపెట్టేటప్పుడు పది నిమిషాలు ఊరి సంగతి, చివర్లో అదే సంగతికి పుస్తకం మాటలు అతికించడం. "రామతీర్థం చెరువు కింద ముగ్గురు చేసే పని ఐదుగురు చేస్తున్నారు, ఇద్దరిని తీసేసినా పంట తగ్గదు" అని వాళ్లే చెప్పాక, దీన్నే ప్రచ్ఛన్న నిరుద్యోగం అంటారు అని బోర్డు మీద రాస్తే, ఆ మాట సి గ్రేడ్ పిల్లకు కూడా నిలుస్తుంది. మీరు ముందు మాట రాసి తర్వాత అర్థం చెబుతున్నారు, నేను వరస తిప్పమంటున్నా, అంతే. సమయం అంతే పడుతుంది.

పొదిలి రైతు:

నేను చదువుకుంది ఇంటర్ వరకే సార్. మా అబ్బాయి తొమ్మిది. వాడి పుస్తకం నేను చూస్తుంటా. లెక్చరర్ గారు చెప్పిన ఆ ప్రచ్ఛన్న నిరుద్యోగం మాట మీదే నాకు అభ్యంతరం ఉంది, చెప్పొచ్చా.

ఇంట్లో ఐదుగురం పొలంలో ఉంటే ఇద్దరు దండగ అని పుస్తకం అంటుంది. ఏ రోజు చూసి అన్నారు? ఆకు కొట్టే రోజుల్లో ఐదుగురం చాలక ఇంకో పదిమందిని తెచ్చుకుంటాం, బ్యారన్ వెలిగిస్తే రాత్రీ పగలూ మనిషి ఉండాలి. జూన్‌లో వచ్చి చూస్తే నిజమే, ముగ్గురికి కూడా పని ఉండదు. ఏడాది మొత్తం చూడాలి. పిల్లలతో నెలవారీ రాయించండి, ఏ నెలలో ఏ పని, ఎంతమంది కావాలి, ఎంతమంది ఉన్నారు అని. అప్పుడు ఏ నెలలో పని లేక ఉపాధి హామీకి వెళ్తున్నామో, ఏ నెలలో కూలి దొరక్క రేటు పెంచుతున్నామో తెలుస్తుంది. మా అమ్మానాన్న దండగ మనుషులు అని పిల్లాడు అనుకోకూడదు సార్, అది నాకు చాలా ముఖ్యం.

ఇంకోటి. ఖర్చు రాయించేటప్పుడు కౌలు, నారు, ఎరువు, పుల్లలు, కూలి, బేళ్లు తోలిన బాడుగ వరకు అందరూ రాస్తారు. మా ఇంట్లోవాళ్ల కష్టం ఎవరూ రాయరు. నేనూ నా భార్యా వేరేచోట కూలికి వెళ్తే ఎంత వచ్చేదో అది కూడా ఖర్చులో వేసి చూడమనండి. చాలా ఏళ్లు లాభం అనుకున్నది లాభం కాదు అని తేలుతుంది. దీనికి మీ పుస్తకంలో ఏదో పేరుండే ఉంటుంది.

కావలి ఎకనామిక్స్:

ఉందన్నా, అవకాశ వ్యయం అంటాం. మీరు చెప్పినంత చక్కగా మా పుస్తకంలో లేదు. నెలవారీ పట్టిక సంగతి కూడా నూటికి నూరుపాళ్లు నిజం, మీరు చెప్పేదాన్ని రుతువారీ నిరుద్యోగం అంటారు, తొమ్మిదో తరగతి పాఠంలో రెండూ పక్కపక్కనే ఉన్నాయి. మీ పట్టిక వేయిస్తే ఏది ఏదో పిల్లలే విడదీస్తారు. నేను పైన రాసిన ఉదాహరణకు కూడా ఏ నెల సంగతో చేర్చి చెప్పడం మంచిది.

ఇందుకూరుపేట టీచరమ్మ:

రైతు గారు చెప్పింది చదివాక వరి లెక్క ఒకటి గుర్తొచ్చింది, మా నెల్లూరు వైపు పిల్లలకు బాగా పనికొచ్చింది. మా దగ్గర ధాన్యం పుట్టి లెక్కన అమ్ముతారు, పుట్టి అంటే 850 కిలోలు. ప్రభుత్వం మద్దతు ధర క్వింటాలుకు చెబుతుంది, 2025-26కి 'ఏ' గ్రేడు ధాన్యానికి 2,389 రూపాయలు. పుట్టికి ఎంతో కట్టమంటే 20,306 రూపాయల యాభై పైసలు వస్తుంది. కళ్లంలో వ్యాపారి పుట్టి 18 వేలకు అడుగుతున్నాడనుకోండి, మరి రైతు ఎందుకు ఇస్తాడు? తేమ 17 శాతం దాటకూడదు, ఆరబెట్టడానికి చోటు, కూలి, వాన భయం, లారీ, గోనె సంచులు, డబ్బు ఖాతాలో పడేదాకా ఆగడం. ఒక్కోదానికి పిల్లలే ఒక విలువ వేస్తారు. అన్నీ కూడితే కొందరి లెక్కలో 18 వేలే నయం అని వస్తుంది, కొందరి లెక్కలో రాదు. ఎవరిదీ తప్పు అనకండి, ఎందుకు తేడా వచ్చిందో మాత్రం చెప్పించండి. మద్దతు ధర ఉండటం వేరు, అది చేతికి అందడం వేరు అని అక్కడ తెలుస్తుంది.

కొండపి సోషల్ మాస్టర్:

అందరికీ ధన్యవాదాలు. నేను అడిగినదానికన్నా ఎక్కువ దొరికింది. రైతు అన్నా, నెలవారీ పట్టిక ఈ సోమవారం నుంచే మొదలుపెడతా, అది తొమ్మిదికి. పదికి ముందు వడ్డీ లెక్క, ఊహా కుటుంబంతోనే. టీచరమ్మ గారు చెప్పిన జాగ్రత్త మా స్టాఫ్ రూంలో కూడా చదివి వినిపించాను.

కనిగిరి మేడం, మీరన్నది కొట్టిపారేయను. ప్రతి పాఠానికీ నాలుగైదు పుస్తకం మాటలు ఎంచి, ఊరి సంగతి చివర ఆ మాటలతో పిల్లలే మూడు వాక్యాలు రాసేలా చేద్దామనుకుంటున్నా. అవే స్లిప్ టెస్టు జవాబులు అవుతాయి. కుదిరితే రెండు బడుల్లోనూ ఒకే స్లిప్ టెస్టు పెడదాం, ఎవరి పిల్లలు ఎక్కడ ఆగుతున్నారో చూద్దాం.

ఇంకొక్క ప్రశ్న. వేలం మొదలయ్యాక పదో తరగతి వాళ్లకు పరీక్షల హడావుడి, అందుకని తొమ్మిదో తరగతిని వేలం కేంద్రానికి తీసుకెళ్దామనుకుంటున్నా. పొగాకు దగ్గరికి పిల్లల్ని ఎందుకు అని హెడ్ మాస్టర్ గారు అడుగుతారేమో. అడిగితే ఆ ప్రశ్ననే పాఠం చేస్తాను, పండించేవాడికి ఆదాయం, తాగేవాడికి జబ్బు, ఆస్పత్రి ఖర్చు ఎవరు భరిస్తున్నారు అని. పిల్లల్ని లోపలికి రానిస్తారా? ఏ టైములో వెళ్తే మంచిది?

పొదిలి రైతు:

రానిస్తారు మాస్టారూ, కాకపోతే ముందుగా వేలం నిర్వహణాధికారికి స్కూల్ తరఫున ఒక లెటర్ ఇవ్వండి. పొద్దున్నే వెళ్లండి, ఎండెక్కితే షెడ్డులో ఘాటుకు పిల్లలు తట్టుకోలేరు, ఆయాసం ఉన్న పిల్లల్ని మాత్రం అసలు తీసుకురావద్దు. నలభై మందిని ఒకేసారి బేళ్ల వరసల మధ్యకు వదలకండి, బయ్యర్లు విసుక్కుంటారు. నలుగురైదుగురు చొప్పున జట్లు చేసి ఒక్కో జట్టుకు ఒక్కో రైతును అప్పగించండి, మేం దగ్గరుండి చూపిస్తాం. ఒక్కో జట్టు ఐదు బేళ్లు పట్టుకుని గ్రేడు, మొదట అడిగిన రేటు, చివర ఖరారైన రేటు రాసుకోవాలి. నో బిడ్ పడిన బేలు కనిపిస్తే దాన్ని తప్పకుండా రాయమనండి, ఆ రైతుతో మాట్లాడించండి. తేదీ ఖాయం చేసుకుని ఇక్కడే చెప్పండి, ఆ రోజు నా బేళ్లు కూడా ఉండేలా చూసుకుంటా.